బష్కీరు తెగలు మంగోలులకు లొంగిపోయాయా, ఓడిపోయాయా?

ప్రశ్న: పడమటి గాలి

ఉరాల్ పర్వతాల దక్షిణ భాగంలో, నేటి రష్యాలోని బష్కోర్తోస్తాన్ ప్రాంతంలో నివసించే బష్కీరుల మధ్యయుగ చరిత్రను కొంతకాలంగా చదువుతున్నాను. మంగోలుల కాలానికి వచ్చేసరికి ఒకదానితో ఒకటి పొసగని రెండు కథనాలు ఎదురవుతున్నాయి.

మొదటి కథనం ప్రకారం బష్కీరు తెగల పెద్దలు చెంఘిజ్ ఖాన్ దగ్గరకు స్వయంగా కానుకలతో వెళ్ళి, అతని అధికారాన్ని అంగీకరించి, తమ భూములు తమకే ఉంటాయన్న యర్లిక్‌ను, అంటే ఖాన్ ముద్ర వేసిన అధికారపత్రాన్ని తెచ్చుకున్నారు. ఉసెర్గాన్ తెగకు చెందిన ముయ్తాన్ బీ (బీ అంటే తెగ నాయకుడు) పేరు ఈ సందర్భంలో తరచుగా కనిపిస్తుంది. రెండవ కథనం ప్రకారం బష్కీరులు పద్నాలుగేళ్ళ పాటు మంగోలులను ఎదిరించి, పొరుగున వోల్గా నది మీద ఉన్న బల్గార్ల రాజ్యం వోల్గా బల్గేరియా పతనమయ్యే నాటికి చివరకు ఓడిపోయారు. ఈ రెండింటినీ కలిపి, ముందు యుద్ధం జరిగిందనీ, తరువాత గౌరవప్రదమైన ఒప్పందం కుదిరిందనీ చెప్పేవారు కూడా ఉన్నారు. అయితే అలా కలపడానికి ఆధారం ఏమిటో వారు చెప్పరు.

నేను అడగదలచుకున్నవి రెండు విషయాలు. ఈ రెండు కథనాలూ అసలు ఏ మూలాల నుండి వచ్చాయి, వాటిలో దేనిని ఎంతవరకు నమ్మవచ్చు? మంగోలుల పాలన అంటే ఆ తెగలకు ఆచరణలో ఏమిటి: కేవలం ఏటా కప్పం కట్టడమేనా, లేక తెగల నిర్మాణమే మారిపోయిందా? రష్యన్ సామ్రాజ్య కాలపు బష్కీరు తిరుగుబాట్ల గురించి సమాచారం బాగానే దొరుకుతున్నది గాని, 13వ, 14వ శతాబ్దాల గురించి రెండు మూడు వాక్యాలకు మించి ఎవరూ రాయడం లేదు. తెలిసినవారు వివరంగా రాయగలరని ఆశిస్తున్నాను.

జవాబు: పాత పుటలు

మీ మొదటి ప్రశ్నలో యుద్ధానికి సంబంధించిన భాగం మాత్రమే నేను తీసుకుంటాను. ముయ్తాన్ బీ సంగతి వంశావళుల మీద పనిచేసినవారు చెబితే బాగుంటుంది.

ముందుగా ఒక చిక్కును గుర్తించాలి, ఎందుకంటే దీనిని పట్టించుకోకుండా రాసినవన్నీ ఇసుక మీద కట్టినట్టే ఉంటాయి. 13వ శతాబ్దపు గ్రంథాలలో "బష్‌గిర్ద్" అన్న పేరు కనిపించిన ప్రతిచోటా అది ఉరాల్ ప్రాంతపు బష్కీరులను సూచించదు. పర్షియన్ చరిత్రకారులు జువైనీ, రషీదుద్దీన్ ఈ పేరును చాలా సందర్భాలలో మధ్య ఐరోపాలోని హంగేరీ వారికి వాడారు. చెంఘిజ్ ఖాన్ మనుమడు బాతూ సేనలు 1241లో గెలిచిన "బష్‌గిర్ద్" దేశం హంగేరీయే. యాకూత్ అల్ హమవీ అనే భూగోళవేత్త అలెప్పో నగరంలో తాను కలుసుకున్న బష్‌గిర్ద్ ముస్లిం విద్యార్థుల గురించి రాశాడు. వారు కూడా హంగేరీ రాజ్యంలో నివసించేవారే. అందువల్ల ఈ గ్రంథాలలోని యుద్ధవర్ణనలను యథాతథంగా ఉరాల్‌కు బదలాయించడం పొరపాటు. అలా చేసిన వ్యాసాలు ఇప్పటికీ చలామణిలో ఉండడం నాకు బాధ కలిగిస్తుంది.

తూర్పు వైపు నుండి వచ్చిన సాక్ష్యం ఇంతకంటే సూటిగా ఉంటుంది. "మంగోలుల రహస్య చరిత్ర"లో సుబుతాయ్ అనే మంగోలు సేనానిని ఏ జాతుల మీదికి పంపారో చెప్పే జాబితాలో కంగ్లీ, కిప్చాక్ అనే తుర్కీ సంచారజాతుల సరసన "బజిగిత్" అన్న పేరు ఉంది. అదే జాబితాలో "మజరత్" అన్న పేరు విడిగా ఉంది, దానిని సాధారణంగా హంగేరీ వారుగా గుర్తిస్తారు. రెండు పేర్లూ వేరువేరుగా ఉన్నాయి కాబట్టి, బజిగిత్ అన్నది ఉరాల్ బష్కీరులే అని భావించడం సమంజసమని నా అభిప్రాయం. అయితే ఆ గ్రంథం ఇచ్చేది పేరు మాత్రమే, యుద్ధ వివరాలు ఇవ్వదు.

వివరాలు కావాలంటే జూలియన్ అనే డొమినికన్ సన్యాసి దగ్గరకు వెళ్ళాలి. తమ పూర్వికులు తూర్పున విడిచి వచ్చిన బంధువులు ఇంకా అక్కడే ఉన్నారన్న నమ్మకంతో హంగేరీ నుండి 1235లో బయలుదేరిన బృందంలో చివరి వరకు వెళ్ళగలిగినవాడు ఇతనే. వోల్గా బల్గేరియా దాటి, ఎతిల్ అనే పెద్ద నది సమీపంలో, తన భాష అర్థం చేసుకునే ప్రజలను అతను నిజంగానే కలుసుకున్నాడు. వారు వ్యవసాయం చేయరనీ, గుర్రాలూ ఆయుధాలూ సమృద్ధిగా కలిగినవారనీ, గుర్రపు మాంసం తిని గుర్రపు పాలు తాగుతారనీ అతని యాత్రావివరణ చెబుతుంది. అందులో మన ప్రశ్నకు అత్యంత ముఖ్యమైన సమాచారం ఒకటి ఉంది: తాతార్లు, అంటే మంగోలులు, వారి మీద దాడి చేసి మొదటి యుద్ధంలో ఓడిపోయారు, ఆ తరువాత వారినే మిత్రులుగా చేసుకుని ఇద్దరూ కలిసి పదిహేను రాజ్యాలను నాశనం చేశారు. జూలియన్ అక్కడ ఉండగానే మంగోలు ప్రభువు దూత ఒకడు ఆ ప్రజల మధ్య కనిపించాడు. మంగోలు సైన్యం ఐదు రోజుల ప్రయాణ దూరంలో ఉందని అతను చెప్పాడు.

జూలియన్ 1237లో మళ్ళీ బయలుదేరాడు. ఈసారి అక్కడికి చేరుకోలేకపోయాడు, ఎందుకంటే ఆ దేశం అప్పటికే ధ్వంసమైందన్న వార్త రష్యన్ రాజ్యాలలోనే తెలిసింది. ఈ రెండవ ప్రయాణం తరువాత రాసిన లేఖలో, మంగోలులు ఆ ప్రజలతో పద్నాలుగేళ్ళు పోరాడి పదిహేనవ ఏట గెలిచారని ఉంది. మీరు ప్రస్తావించిన "పద్నాలుగేళ్ళ ప్రతిఘటన" అన్న మాటకు మూలం ఈ లేఖే. అంటే ఒకే మనిషి, ఏడాది రెండేళ్ళ వ్యవధిలో, ఒకసారి వారు మంగోలుల మిత్రులనీ, మరొకసారి వారు దీర్ఘకాలం పోరాడి ఓడిపోయినవారనీ చెప్పాడు.

ఈ రెండు మాటలలో ఒకటి అబద్ధమై ఉండాలని నేను అనుకోను. 1237 నుండి పద్నాలుగేళ్ళు వెనక్కు లెక్కిస్తే 1223 వస్తుంది. ఆ సంవత్సరమే కాల్కా నది యుద్ధంలో రష్యన్ రాజులను, కిప్చాక్‌లను ఓడించి తిరిగి వెళ్తున్న సుబుతాయ్, జెబే సేనలను వోల్గా బల్గార్లు దెబ్బతీశారు. ఆ తరువాత 1229లో యాయిక్ నది దగ్గర బల్గార్ల కాపలాదళాలను మంగోలులు తరిమికొట్టారనీ, 1232లో మంగోలులు వచ్చి బల్గార్ల మహానగరం చేరకుండానే శీతాకాలం గడిపారనీ, 1236 శరదృతువులో ఆ మహానగరాన్ని తగలబెట్టారనీ రష్యన్ వృత్తాంతాలు నమోదు చేశాయి. యాయిక్ అంటే నేటి ఉరాల్ నది. ఇది బష్కీరుల దేశంలోనే పుట్టి దక్షిణానికి పారుతుంది. కాబట్టి 1229 నాటికే యుద్ధరేఖ వారి గడప దగ్గర ఉంది. ఇంత పొడవైన సరిహద్దు యుద్ధంలో కొన్ని తెగలు ఒక ఏడు గెలవడం, మరొక ఏడు ఒప్పందం చేసుకోవడం, ఒక తెగ మంగోలు సేనలో చేరితే పక్క తెగ అడవిలోకి తప్పుకోవడం వింత కాదు. బష్కీరులకు అప్పుడు ఒక రాజు గాని, ఒక రాజధాని గాని లేవు. "బష్కీరులు లొంగారా, ఓడారా" అని ఏకవచనంలో అడిగినప్పుడే సమాధానం దొరకకుండా పోతుంది.

ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. జూలియన్ కలుసుకున్నవారు హంగేరియన్ భాష మాట్లాడే ప్రజలు. వారూ బష్కీరులూ పూర్తిగా ఒకటే అని ఎవరూ రుజువు చేయలేదు. వారు ఇరుగుపొరుగుగా ఉండి, తరువాతి తరాలలో బష్కీరులలో కలిసిపోయి ఉంటారన్నది నాకు ఎక్కువ సమ్మతంగా తోచే అభిప్రాయం.

జవాబు: వంశవృక్షం

పాత పుటలు గారు వదిలిపెట్టిన చోటు నుండి మొదలుపెడతాను.

ముయ్తాన్ బీ కథకు మూలం ఉసెర్గాన్ తెగవారి షెజెరె. షెజెరె అంటే తెగ వంశావళి. తండ్రి పేరు, కొడుకు పేరు వరుసగా చెప్పుకుంటూ పోయి, మధ్యలో ముఖ్యమైన పూర్వికుల దగ్గర ఆగి వారి కాలంలో జరిగిన సంగతులు చెప్పే రచన ఇది. ఉసెర్గాన్ షెజెరె పద్యరూపంలో ఉంటుంది. ఇటువంటి అనేక వంశావళులను రాయిల్ కుజేయెవ్ అనే జాతిశాస్త్రవేత్త సేకరించి 1960లో ప్రచురించడం వల్ల ఇవి పరిశోధకులందరికీ అందుబాటులోకి వచ్చాయి. తబీన్ తెగ షెజెరెలలో కూడా మయ్‌కీ బీ అనే మూలపురుషుడు చెంఘిజ్ ఖాన్‌కు సన్నిహితుడుగా కనిపిస్తాడు.

ముయ్తాన్ నిజంగా చెంఘిజ్ ఖాన్‌ను కలిశాడా అన్న ప్రశ్నకు, అది అసాధ్యమేమీ కాదు అన్నంత వరకే నేను చెప్పగలను. మధ్య ఆసియాలోని ఖ్వారెజ్మ్ రాజ్యం మీద దండయాత్రకు ముందు, 1219 వేసవిలో, చెంఘిజ్ ఖాన్ ఇర్తిష్ నది ప్రాంతంలో విడిది చేశాడు. ఉరాల్ నుండి అక్కడికి గుర్రం మీద వెళ్ళడం సంచారజాతి నాయకుడికి పెద్ద విషయం కాదు. కొందరు బష్కీరు చరిత్రకారులు ఈ కలయికను ఆ సంవత్సరాలకే చేర్చి చెబుతారు.

అయితే నేను గట్టిగా చెప్పదలచుకున్నది వేరొకటి. ఇదే ఉసెర్గాన్ షెజెరె మూడు శతాబ్దాల తరువాతి సంఘటనను ఎలా చెబుతుందో గమనించండి. 1552లో కజాన్ నగరం మాస్కో జారు నాలుగవ ఇవాన్ వశమైన తరువాత, ఉసెర్గాన్ నాయకుడు బిక్‌బావ్ మరి మూడు తెగల నాయకులతో కలిసి కజాన్ వెళ్ళి, జారు అధికారాన్ని అంగీకరించి, తమ భూములు తమకే ఉంటాయన్న పత్రం తెచ్చుకున్నాడు. ఆ మూడు తెగలు బుర్జ్యాన్, కిప్సాక్, తమ్యాన్. ముయ్తాన్ కథనూ బిక్‌బావ్ కథనూ పక్కపక్కన పెట్టి చదివితే వాటి ఎముకలగూడు ఒకటే అని తెలుస్తుంది: పూర్వికుడు దూరప్రయాణం చేస్తాడు, ప్రభువుకు కానుకలిస్తాడు, కప్పం కట్టడానికి ఒప్పుకుంటాడు, బదులుగా పర్వతాలూ నదులూ అడవులూ తన తెగకు శాశ్వతంగా రాసి ఇచ్చిన పత్రంతో తిరిగి వస్తాడు. యుర్మతీ తెగ షెజెరెలో కూడా తాతిగాచ్ బీ ఇలాగే కజాన్ వెళ్ళి, తెగ తరఫున యాసక్, అంటే బొచ్చుతోళ్ళ రూపంలో కప్పం, కట్టడానికి ఒప్పుకుని భూమి హక్కు పొందాడు.

ఈ పోలిక ఎందుకు వచ్చిందంటే, ఈ వంశావళులు అధికభాగం రాతరూపం దాల్చిన కాలంలో బష్కీరుల ప్రాణసమస్య భూమి. రష్యన్ రాజ్యం వారి వంశపారంపర్య భూహక్కును మొదట్లో గుర్తించింది. 1649 నాటి చట్టసంహిత బష్కీరుల భూములను ఇతరులు కొనడాన్ని నిషేధించింది. 1736లో వచ్చిన ఉత్తరువు ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. కోటలు, గనులు, కర్మాగారాలు, వలస గ్రామాలు వారి పచ్చికబయళ్ళలోకి చొచ్చుకువస్తున్న ఆ శతాబ్దాలలో, "ఈ నేల మా తాతలది, దీనికి పత్రం ఉంది" అని చెప్పుకోగలగడం ఒక తెగ నిలబడడానికీ కూలిపోవడానికీ మధ్య తేడా అయింది. అటువంటప్పుడు, మాకు పత్రం ఇచ్చినవాడు జారు ఒక్కడే కాదు, అంతకు ముందే చెంఘిజ్ ఖాన్ ఇచ్చాడు అని చెప్పడంలో ఎంత బలం ఉందో ఊహించవచ్చు. హక్కును ఇచ్చినవాడు జారు అయితే జారు తిరిగి తీసుకోగలడు. జారు దానిని కేవలం కొనసాగించాడని అంటే సంగతి పూర్తిగా మారిపోతుంది.

ఈ కారణంగా షెజెరెలను కట్టుకథలుగా తీసిపారేయడం నాకు సమ్మతం కాదు. చెంఘిజ్ ఖాన్ పెద్ద కొడుకు జోచి వంశపు ఖాన్‌లు తమకు విధేయులైన నాయకులకు యర్లిక్‌లు ఇవ్వడం, కొందరిని పన్నుల నుండి మినహాయించి తర్ఖాన్ హోదా ఇవ్వడం గోల్డెన్ హోర్డ్ అనే వారి రాజ్యంలో నిత్యకృత్యం. అటువంటి పత్రాలు క్రిమియా నుండీ కజాన్ నుండీ దొరికాయి. బష్కీరు బీలకు కూడా అవి అంది ఉంటాయన్నది పూర్తిగా నమ్మదగిన విషయం. ముయ్తాన్‌కు పత్రం ఇచ్చింది చెంఘిజ్ ఖానా, అతని మనుమడు బాతూయా, ఇంకా తరువాతి ఖానా అన్నది మాత్రం షెజెరె తేల్చలేదు. జ్ఞాపకంలో అన్ని యర్లిక్‌లూ వంశంలోని అతి పెద్ద పేరు దగ్గరకు చేరుకుంటాయి. అందువల్ల ఈ కథనాన్ని పాలన స్వభావానికి సాక్ష్యంగా వాడవచ్చు, 1219 నాటి సంఘటనకు తేదీ వేసిన దస్తావేజుగా వాడకూడదు.

జవాబు: పాత పుటలు

వంశవృక్షం గారి విశ్లేషణతో నేను ఏకీభవిస్తున్నాను. నేను పైన చివర్లో రాసిన భాషా విషయానికి మాత్రం కొంత చేర్చాలి, ఎందుకంటే దీని గురించి చాలామంది ఒక్క రుబ్రుక్‌ను మాత్రమే ఉదహరిస్తారు.

1253లో మంగోలుల దగ్గరకు వెళ్ళిన విలియం రుబ్రుక్ అనే సన్యాసి, పాస్కాతిర్ దేశపు, అంటే బష్కీరుల దేశపు, భాషా హంగేరియన్ల భాషా ఒకటే అని రాశాడు. కాని ఆ సమాచారం తనకు మంగోలుల రాకకు ముందు అక్కడికి వెళ్ళిన సన్యాసుల నుండి వచ్చిందని అతనే చెప్పుకున్నాడు. అతను యాయిక్ నదిని దాటాడే గాని ఉత్తరాన బష్కీరుల దేశంలోకి వెళ్ళలేదు. మరోవైపు, అంతకు సుమారు 180 ఏళ్ళ ముందే మహమూద్ అల్ కాష్గరీ తన తుర్కీ నిఘంటువులో బష్‌గిర్త్‌లను తుర్కీ తెగల వరుసలో పేర్కొని, వారి భాష శుద్ధమైన తుర్కీకి దగ్గరగా ఉంటుందని రాశాడు. కాష్గరీ తుర్కీ భాషలను ఎరిగినవాడు కాబట్టి, ఈ విషయంలో నేను అతని మాటకే ఎక్కువ బరువు ఇస్తాను. ఆ ప్రాంతంలో రెండు భాషల వారూ ఉన్నారనీ, పడమటి యాత్రికులకు తమకు తెలిసిన భాషే వినిపించిందనీ అనుకుంటే ఇద్దరి మాటలూ నిలుస్తాయి. హంగేరీ రాజు మూడవ బేలా అస్థికల మీద జరిగి 2020లో వెలువడిన జన్యు పరిశోధనలో, అతని పితృవంశానికి దగ్గరి బంధువులు నేటి బష్కీరులలో కనిపించారు. అయితే ఆ రెండు శాఖలూ విడిపోయి సుమారు 2000 సంవత్సరాలైందని అదే పరిశోధన అంచనా వేసింది కాబట్టి, 13వ శతాబ్దపు భాషను తేల్చడానికి అది పనికిరాదు.

పడమటి గాలి

ఇద్దరికీ కృతజ్ఞతలు. లొంగిపోవడం, ఓడిపోవడం అన్న నా విభజనే తప్పుదారి పట్టించేదని ఇప్పుడు అర్థమైంది. కాని రెండవ ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. 1236 తరువాత ఈ తెగలు ఎవరి కింద ఉన్నాయి, వాటి జీవితంలో ఏమి మారింది? ముఖ్యంగా ఇస్లాం మతం ఎప్పుడు, ఎలా వ్యాపించింది? 922లో ఇబ్న్ ఫద్లాన్ చూసినప్పుడు వారు పన్నెండు మంది దేవతలను కొలిచేవారనీ, కొందరు పాములను, చేపలను, కొంగలను ఆరాధించేవారనీ చదివాను. 16వ శతాబ్దానికి వారు ముస్లింలు. ఆ మధ్యలో మంగోలుల పాత్ర ఏమిటి?

జవాబు: ఉత్తర దిక్కు

పాలన గురించి ముందు చెబుతాను, మతం గురించి తరువాత.

బష్కీరుల భూములు చెంఘిజ్ ఖాన్ పెద్ద కొడుకు జోచి సంతతివారి రాజ్యంలో, అంటే మనం గోల్డెన్ హోర్డ్ అని పిలిచే జోచి ఉలుస్‌లో భాగమయ్యాయి. అయితే ఆ రాజ్యం లోపల మళ్ళీ పంపకాలు ఉన్నాయి. 17వ శతాబ్దంలో ఖీవాను ఏలిన అబుల్ ఘాజీ ఖాన్ రాసిన చరిత్ర ప్రకారం, హంగేరీ దండయాత్ర తరువాత బాతూ తన తమ్ముడు షీబాన్‌కు ప్రజలనూ పచ్చికబయళ్ళనూ పంచి ఇచ్చాడు. వేసవిలో యాయిక్ నదికి తూర్పున ఇర్గిజ్, ఓర్, ఇలెక్ నదుల వెంట ఉరాల్ పర్వతం వరకు, శీతాకాలంలో దక్షిణాన సిర్ దర్యా తీరాలలో ఉండమన్నాడు. ఈ వేసవి బయళ్ళు బష్కీరుల దక్షిణ, తూర్పు అంచులకు ఆనుకుని ఉన్నాయి. పడమటి బష్కీరులు మాత్రం బల్గార్ నగరం వైపు, దాని ద్వారా వోల్గా మీది ఖాన్‌ల వైపు చూసేవారు. కాబట్టి ఒకే ప్రజ మీద రెండు దిక్కుల నుండి అధికారం పనిచేసింది. తరువాతి కాలపు చీలికలకు బీజం ఇక్కడే ఉందని నేను భావిస్తాను.

రోజువారీ పాలనలో తెగ నాయకులైన బీలు తమ స్థానాలలోనే కొనసాగారు. సంచారజాతుల మీద మంగోలుల పద్ధతి అది: పన్ను వసూలు చేయడం, యుద్ధానికి గుర్రపు రౌతులను పంపడం స్థానిక నాయకుడి బాధ్యత, ఆ పని చేసినంత కాలం అతని పెత్తనానికి ఢోకా ఉండదు. బష్కీరుల దేశం ఇవ్వగలిగినవి బొచ్చుతోళ్ళు, తేనె, గుర్రాలు. అడవిలో నిలువెత్తు చెట్ల తొర్రలలో తేనెటీగలను పెంచే వారి పద్ధతి నేటికీ బుర్జ్యాన్ ప్రాంతంలో సజీవంగా ఉంది. ఆ చెట్ల మీద ఏ వంశానిది ఆ వంశం తమ్గా గుర్తు చెక్కుతుంది. హక్కును గుర్తుతో చాటే ఈ అలవాటు స్టెప్పీ (గడ్డిమైదానాల) ప్రజలందరిదీ, మంగోలులు తెచ్చినదేమీ కాదు.

మంగోలులు నిజంగా మార్చింది తెగల కూర్పును. బష్కీరు తెగల పేర్లు చదివితే ఇది తెలుస్తుంది. కిప్సాక్ అన్నది నల్లసముద్రం నుండి కజఖ్ స్టెప్పీ వరకు వ్యాపించిన కిప్చాక్‌ల పేరే. సాల్యుత్ అన్నది మంగోలుల సాల్జివుత్ వంశాన్ని, కతాయ్ అన్నది ఉత్తర చైనాను ఏలిన ఖితాన్‌లను గుర్తుచేస్తాయి. యుద్ధాల వల్ల చెదిరినవారు, సైన్యంతో వచ్చి స్థిరపడినవారు, ఖాన్‌లు ఒకచోటి నుండి మరొకచోటికి తరలించినవారు ఉరాల్ లోయలలో చేరి, రెండు మూడు తరాలలో బష్కీరులయ్యారు. 13వ, 14వ శతాబ్దాలలో జరిగిన ఈ కిప్చాక్ వలసలే బష్కీరు జాతికి ఇప్పటి రూపాన్ని ఇచ్చాయని కుజేయెవ్ తెగల మూలాల మీద చేసిన తన పెద్ద పరిశోధనలో వాదించాడు. నేటి బష్కీరు భాష తుర్కీ భాషలలో కిప్చాక్ శాఖకు చెందడం ఈ వాదానికి బలమిస్తుంది. యుర్మతీ, యెనెయ్ వంటి తెగల పేర్లు మాత్రం హంగేరియన్ల ప్రాచీన తెగల పేర్లకు దగ్గరగా ఉన్నాయని భాషావేత్తలు ఎప్పుడో గమనించారు. అంటే మంగోలుల ముందరి పొర పూర్తిగా చెరిగిపోలేదు, కొత్త పొర కింద నిలిచి ఉంది.

ఇక మతం. మొదటి మంగోలు ఖాన్‌లు ఏ మతాన్నీ రుద్దలేదు. బాతూ తమ్ముడు బెర్కే ముస్లిం అయినా రాజ్యం మొత్తం అతనిని అనుసరించలేదు. 1313లో గద్దెనెక్కిన ఉజ్బెక్ ఖాన్ కాలంలోనే ఇస్లాం రాజ్యమతంగా స్థిరపడింది. బష్కీరుల విషయంలో ఆ మార్పు జరుగుతున్న క్షణాన్నే పట్టి చూపే ఒక అపురూపమైన పత్రం మనకు మిగిలింది. యోహాంకా అనే హంగేరియన్ ఫ్రాన్సిస్కన్ సన్యాసి బష్కీరుల మధ్య మతప్రచారం చేసి, 1320లో తన సంఘాధిపతికి లేఖ రాశాడు. ఆ దేశపు ప్రభువూ అతని పరివారంలో ఎక్కువమందీ అప్పటికే ఇస్లాం స్వీకరించి ఉన్నారనీ, మీరు ముందే వచ్చి ఉంటే మీ మతాన్నే తీసుకునేవాళ్ళమని ఆ ప్రభువు తనతో అన్నాడనీ అందులో ఉంది. మర్యాదకు అన్న మాట కావచ్చు. అయినా, 1320 నాటికి నాయకవర్గం ముస్లిం అయిందనీ, ఆ మార్పు అప్పటికి మరీ పాతది కాదనీ ఈ లేఖ నిశ్చయంగా చెబుతుంది.

ఇరవై ఏళ్ళ తరువాతి సాక్ష్యం రాతి మీద ఉంది. ఉఫా నగరానికి పడమటి వైపున, చిష్మీ సమీపంలో, అక్‌జిరాత్ సరస్సు దగ్గరి పాత శ్మశానంలో హుసేన్‌బెక్ సమాధి మందిరం ఉంది. ఉమర్‌బెక్ కొడుకు హుసేన్‌బెక్ హిజ్రీ 742లో, అంటే 1341 - 42 ప్రాంతంలో మరణించాడని ఆ సమాధి రాయి మీద అరబ్బీ లిపిలో చెక్కి ఉంది. అతను మధ్య ఆసియాలోని తరాజ్‌కు చెందినవాడని అతని బిరుదు సూచిస్తుంది. బష్కీరులు అతనిని తమకు ఇస్లాం బోధించిన తొలి గురువులలో ఒకడుగా గౌరవిస్తారు. ఆ చుట్టుపక్కలే తూరా ఖాన్ సమాధి మందిరం కూడా ఉంది. అంటే వోల్గా మీది బల్గార్ నుండి మాత్రమే కాక, సిర్ దర్యా వైపు నుండి కూడా బోధకులు ఈ లోయలకు వచ్చారు. మంగోలు రాజ్యం ఈ రెండు దారులనూ ఒకే పాలన కిందికి తెచ్చి ప్రయాణాన్ని సురక్షితం చేసింది. నా దృష్టిలో మతవ్యాప్తికి ఖాన్‌ల ఉత్తరువుల కంటే ఈ దారులే ఎక్కువ తోడ్పడ్డాయి.

సామాన్య ప్రజల సంగతి పురావస్తుశాస్త్రం చెబుతుంది. చియాలిక్ సంస్కృతి అని పిలిచే పడమటి బష్కోర్తోస్తాన్ స్థావరాలలో, 14వ శతాబ్దానికి చెందిన సమాధులలో వస్తువులు పెట్టడం దాదాపు ఆగిపోతుంది, తల పడమటి వైపు ఉంచి ముఖాన్ని మక్కా దిశకు తిప్పడం మొదలవుతుంది. దక్షిణ స్టెప్పీలో మాత్రం గుర్రపు సామగ్రితో కూడిన మట్టిదిబ్బల సమాధులు ఇంకా కొంతకాలం సాగాయి. కాబట్టి పడమటి రైతు, పశుపాలక గ్రామాలు ముందుగా, దక్షిణ సంచారజాతులు ఆలస్యంగా మారాయని చెప్పవచ్చు.

జవాబు: వంశవృక్షం

హుసేన్‌బెక్ మందిరానికి సంబంధించి స్థానికంగా చెప్పుకునే ఒక కథ ఉంది. 1391లో గోల్డెన్ హోర్డ్ పాలకుడు తోఖ్తమిష్ ఖాన్ మీదికి దండెత్తి వచ్చిన తైమూర్ ఆ సమాధి దగ్గర ఆగి, దాని మీద మందిరం కట్టించాడని అంటారు. దండయాత్ర మాత్రం చారిత్రక వాస్తవం. తైమూర్ కజఖ్ స్టెప్పీలోని ఉలితావ్ కొండల దగ్గర రాతి శాసనం చెక్కించి, తోబోల్, యాయిక్ నదులు దాటి, 1391 జూన్ 18న కొందుర్చా నది దగ్గర తోఖ్తమిష్‌ను ఓడించాడు. ఆ దారి బష్కీరుల భూముల అంచుల మీదుగానే పోతుంది.

ఉత్తర దిక్కు గారు చెప్పిన రెండు దిక్కుల అధికారం ఆ ఓటమి తరువాత మూడు ముక్కలైంది. 15వ శతాబ్దంలో గోల్డెన్ హోర్డ్ విచ్ఛిన్నమయ్యాక, దక్షిణ, మధ్య ప్రాంతాల బష్కీరులు నొగాయ్ హోర్డ్ అనే సంచారజాతి రాజ్యం కింద, వాయవ్యంలోనివారు కజాన్ ఖాన్‌ల కింద, తూర్పున ఉరాల్ అవతలివారు షీబాన్ వంశీయుల సైబీరియా రాజ్యం కింద ఉండిపోయారు. యాసక్ కట్టించుకునేవారు మారారు గాని కట్టే పద్ధతి మారలేదు. నొగాయ్ హోర్డ్‌కు మూలపురుషుడైన ఎదిగే గురించి బష్కీరులు "ఇదుకాయ్, మురాదిమ్" అన్న పెద్ద వీరగాథనే పాడుకున్నారు. తెగలు విడివిడిగా, వేరువేరు సంవత్సరాలలో, 1550లలో మాస్కో జారుతో ఒప్పందాలు చేసుకోవడానికి కారణం కూడా ఈ మూడు ముక్కల స్థితే. కజాన్ కింది తెగలు ముందుగానూ నొగాయ్‌ల కింది తెగలు తరువాతా వెళ్ళాయి, సైబీరియా ఖాన్ కింద ఉన్న తూర్పు తెగల విషయం మరికొన్ని దశాబ్దాల వరకు, కూచుమ్ ఖాన్ ఓడిపోయే దాకా, తేలలేదు.